కాన్సూయెలో వాండర్‌బిల్ట్ జీవితం: తరచుగా అడిగే ప్రశ్నలు

కాన్సూయెలో వాండర్‌బిల్ట్ ఎవరు?

అమెరికాలో రైలుమార్గాలపై అపారమైన సంపద గడించిన వాండర్‌బిల్ట్ కుటుంబంలో 1877 మార్చి 2న న్యూయార్కులో పుట్టి, 18 ఏళ్ల వయసులో ఇంగ్లండుకు చెందిన తొమ్మిదవ మార్ల్‌బరో డ్యూక్‌ను పెళ్లాడి, బ్లెన్‌హైమ్ ప్రాసాదానికి డచెస్‌గా, అంటే డ్యూక్ భార్యగా, వెళ్లిన మహిళ. ఆమె పేరు వినగానే చాలామందికి గుర్తుకు వచ్చేది తల్లి బలవంతంతో జరిగిన ఆ పెళ్లి ఒక్కటే. అయితే ఆ కాపురం పట్టుమని పదకొండేళ్లు మాత్రమే నిలిచింది. ఆమె మాత్రం 87 ఏళ్లు జీవించింది. లండన్ నగరపాలనలో సభ్యురాలిగా, ఫ్రాన్సులో ఆసుపత్రులకు దాతగా, రెండవ వివాహంలో సంతోషంగా గడిపిన గృహిణిగా, చివరకు తన కథను తానే రాసుకున్న రచయిత్రిగా ఆమె గడిపిన ఏళ్లే ఎక్కువ. కింది జవాబులలో పెళ్లి గురించి వివరంగానే చెబుతున్నాను గానీ, ఆ తరువాతి జీవితాన్ని అనుబంధంగా కాక అసలు కథగానే చూడాలన్నది నా అభిప్రాయం.

వాండర్‌బిల్ట్ కుటుంబానికి అంత సంపద ఎక్కడిది?

కాన్సూయెలో ముత్తాత కార్నీలియస్ వాండర్‌బిల్ట్ న్యూయార్కు రేవులో చిన్న పడవ నడపడంతో మొదలుపెట్టి, ఆవిరి ఓడలకు, అక్కడి నుంచి రైళ్లకు ఎదిగాడు. న్యూయార్క్ సెంట్రల్ రైల్‌రోడ్ ఆయన చేతిలోకి వచ్చాక, దేశం లోపలి ధాన్యం, పశువులు, బొగ్గు, సరుకులు అట్లాంటిక్ తీరానికి చేరే ప్రధాన మార్గాలలో ఒకటి ఆ కుటుంబానిదైంది. 1877లో, అంటే కాన్సూయెలో పుట్టిన ఏడాదే, ఆయన చనిపోయేనాటికి ఆస్తి దాదాపు 10 కోట్ల డాలర్లు. ఆయన కొడుకు విలియం హెన్రీ దానిని ఎనిమిదేళ్లలో రెట్టింపు చేసి 1885లో కన్నుమూశాడు. కాన్సూయెలో తండ్రి విలియం కిస్సమ్ వాండర్‌బిల్ట్ ఆ విలియం హెన్రీ కొడుకు. మూడు తరాలు తిరిగేసరికి ఆ కుటుంబంలో డబ్బు సంపాదించేవారికన్నా దానిని ఖర్చుపెట్టడంలో పేరు తెచ్చుకున్నవారే ఎక్కువయ్యారు.

అంత డబ్బున్నవారికి ఇంగ్లండు బిరుదుతో ఏం పని?

ఆనాటి న్యూయార్కు సంఘంలో డబ్బు వేరు, గౌరవం వేరు. పాత కుటుంబాల మధ్య శ్రీమతి ఆస్టర్ ఎవరిని గుర్తిస్తే వారే పెద్దమనుషులు. రైళ్ల డబ్బుతో పైకి వచ్చిన వాండర్‌బిల్ట్‌లను ఆమె చాలాకాలం పట్టించుకోలేదు. కాన్సూయెలో తల్లి ఆల్వా ఈ గోడను బద్దలుకొట్టాలని పట్టుబట్టింది. అలబామాలోని మొబీల్ నగరంలో పుట్టి, అంతర్యుద్ధం తరువాత తన కుటుంబ ఆస్తి కరిగిపోవడం కళ్లారా చూసిన మనిషి ఆమె. ఫిఫ్త్ అవెన్యూలో కోటలాంటి ఇల్లు కట్టించి, 1883 మార్చి 26న అందులో మారువేషాల నృత్యోత్సవం ఏర్పాటు చేసింది. ఆ ఉత్సవానికి ఆహ్వానం కావాలంటే శ్రీమతి ఆస్టర్ ముందుగా వాండర్‌బిల్ట్ ఇంటికి వచ్చి పలకరించక తప్పని పరిస్థితి కల్పించిందని చెబుతారు.

న్యూయార్కులో గెలిచాక ఆల్వా చూపు ఐరోపా వైపు మళ్లింది. ఆమె చిన్ననాటి స్నేహితురాలు కాన్సూయెలో ఇజ్నాగా అప్పటికే ఒక డ్యూక్ వారసుడిని పెళ్లాడి, తరువాత మాంచెస్టర్ డచెస్ అయింది. మన కథానాయిక ఈమెకు జ్ఞానపుత్రిక, అంటే బాప్తిస్మంలో ఈమె ధర్మతల్లిగా నిలిచిన పిల్ల. పేరు కూడా ఈమెదే. కూతురికి ఆ పేరు పెట్టిన రోజునే ఆల్వా మనసులో అలాంటి భవిష్యత్తు మెదిలిందో లేదో గానీ, పదిహేడేళ్ల తరువాత ఆమె నడిచిన దారి మాత్రం అదే.

డ్యూక్‌కు అమెరికా డబ్బు ఎందుకు అవసరమైంది?

దీనికి జవాబు ఆ డ్యూక్ దుబారాలో కాదు, గోధుమ ధరలో ఉంది. ఇంగ్లండు ప్రభువుల ఆదాయం ప్రధానంగా కౌలు మీద ఆధారపడేది. 1846లో ధాన్యం దిగుమతి చట్టాలను ఎత్తివేశాక బయటి ధాన్యానికి ఇంగ్లండు తలుపులు తెరుచుకున్నాయి. 1870ల నుంచి అమెరికా మైదానాలలో పండిన గోధుమ రైళ్లలో తీరానికి, ఆవిరి ఓడలలో లివర్‌పూల్‌కు చౌకగా చేరసాగింది. 1894 నాటికి ఇంగ్లండులో గోధుమ ధర, 1870ల తొలి సంవత్సరాల ధరలో సగానికన్నా తక్కువకు పడిపోయింది. రైతులు కౌలు కట్టలేకపోయారు. కౌలు తగ్గించక తప్పలేదు. భవనాల ఖర్చు మాత్రం తగ్గలేదు.

మార్ల్‌బరో కుటుంబం ఈ దెబ్బకు ముందే బలహీనంగా ఉంది. ఏడవ డ్యూక్ 1875లో కుటుంబానికి చెందిన ప్రసిద్ధ చెక్కడపు రత్నాల సేకరణను అమ్మేశాడు. 1880లలో సండర్లాండ్ గ్రంథాలయం వేలానికి వెళ్లింది. ఎనిమిదవ డ్యూక్ వంతు వచ్చేసరికి చిత్రాలు పోయాయి. రాఫెల్ గీసిన ఆన్సిడెయి మడోన్నాను లండన్ నేషనల్ గ్యాలరీ 70,000 పౌండ్లకు కొన్నది. అమ్మడానికి ఇక పెద్దగా ఏమీ మిగలని దశలో ఎనిమిదవ డ్యూక్ 1888లో లిలియన్ హామర్స్‌లీ అనే ధనవంతురాలైన అమెరికన్ వితంతువును పెళ్లాడాడు. కనుక అమెరికా డబ్బుతో బ్లెన్‌హైమ్‌ను నిలబెట్టడం కాన్సూయెలోతో మొదలైన పద్ధతి కాదు. 1892లో తొమ్మిదవ డ్యూక్‌గా పదవిలోకి వచ్చిన 20 ఏళ్ల యువకుడు చార్లెస్ స్పెన్సర్-చర్చిల్‌కు తండ్రి నుంచి సంక్రమించినవి ఏడెకరాల మేర విస్తరించిన ప్రాసాదం, దాని కప్పు మరమ్మతు, ఖాళీ అయిన గోడలు, వంశగౌరవాన్ని కాపాడాలన్న భారం.

ఈ కథలో నన్ను ఎప్పుడూ ఆలోచింపజేసే విషయం ఇక్కడే ఉంది. మధ్య పశ్చిమ ప్రాంతపు ధాన్యాన్ని తీరానికి మోసి ఇంగ్లండు ప్రభువుల కౌలును కుదించిన రైళ్లలో వాండర్‌బిల్ట్‌ల రైళ్లు కూడా ఉన్నాయి. ఆ రైళ్ల వాటాలే తరువాత బ్లెన్‌హైమ్ కప్పును నిలబెట్టాయి. ఒక చేత్తో తీసుకున్నది మరో చేత్తో తిరిగి ఇచ్చినట్టయింది. మధ్యలో మూల్యం చెల్లించింది ఒక పద్దెనిమిదేళ్ల అమ్మాయి.

ఆమె బాల్యం ఎలా గడిచింది?

సౌకర్యాలకు లోటు లేదు, స్వేచ్ఛ మాత్రం లేదు. ఫ్రెంచి, జర్మన్ భాషలు చిన్నప్పుడే నేర్పారు. వెన్ను నిటారుగా ఉండాలని చదువుకునే సమయంలో వీపుకు ఇనుప కడ్డీ కట్టి, నడుముకూ నుదుటికీ పట్టీలతో బిగించేవారని ఆమె తరువాత రాసింది. ఏ దుస్తులు వేసుకోవాలన్నది కూడా తల్లే నిర్ణయించేది. ఒకసారి దాని గురించి తన అభిప్రాయం చెప్పబోతే, ఆలోచించడం నీ పని కాదని తల్లి కొట్టిపారేసిందట. ఆక్స్‌ఫర్డ్‌లో చదవాలని ఆ అమ్మాయికి గట్టి కోరిక ఉండేది. అది తీరలేదు. తరువాత ఆక్స్‌ఫర్డ్‌కు కొద్ది మైళ్ల దూరంలోనే డచెస్‌గా స్థిరపడింది గానీ, విద్యార్థినిగా ఆ ఊరిలో అడుగుపెట్టే భాగ్యం కలగలేదు.

పెళ్లి ఆమె ఇష్టంతో జరిగిందా?

లేదు. ఆమె మనసు న్యూయార్కుకే చెందిన విన్‌థ్రప్ రదర్‌ఫర్డ్ మీద ఉంది. ఆయన మంచి కుటుంబంవాడే, వయసులో పన్నెండేళ్లకు పైగా పెద్దవాడు. 1895లో ఆమె పద్దెనిమిదవ పుట్టినరోజునాడు, సైకిళ్లపై వెళుతుండగా తల్లి కాస్త వెనకబడిన సమయం చూసి, పెళ్లి చేసుకుందామని అడిగాడు. ఆమె ఒప్పుకుంది. ఆ తరువాత ఆల్వా కూతురిని వెంటనే ఐరోపాకు తీసుకుపోయింది. వారి మధ్య ఉత్తరాలు అటు నుంచి ఇటు గానీ, ఇటు నుంచి అటు గానీ చేరకుండా చూసింది. ఆ వేసవిలోనే లండన్‌లో డ్యూక్‌ను కలిపించింది, బ్లెన్‌హైమ్ చూపించింది.

తిరిగి అమెరికాకు వచ్చాక రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని న్యూపోర్ట్‌లో ఉన్న మార్బుల్ హౌస్‌లో కూతురిని దాదాపు నిర్బంధంలో ఉంచింది. ఆ భవనం తండ్రి విలియం, తల్లికి పుట్టినరోజు కానుకగా కట్టించినది. దాని నిర్మాణానికి కోటీ పది లక్షల డాలర్లు ఖర్చయితే అందులో డెబ్బై లక్షలు పాలరాతికే పోయాయి. ఆ పాలరాతి గోడల మధ్య కాన్సూయెలో ధైర్యం కూడగట్టుకుని, తనకు నచ్చినవాడినే చేసుకుంటానని ఎదురుచెప్పింది. దానికి ఆల్వా స్పందన ఎలాంటిదో కూతురు తన ఆత్మకథలో వివరించింది. రదర్‌ఫర్డ్‌ను కాల్చి చంపుతానని బెదిరించడం, ఆపైన తనకు గుండెపోటు వచ్చిందని, కూతురు మొండికేస్తే ప్రాణం పోతుందని మరొకరి ద్వారా కబురు పంపడం. ఆ అమ్మాయి లొంగిపోయింది. డ్యూక్ న్యూపోర్ట్‌కు అతిథిగా వచ్చి, ఆ భవనంలోని గోథిక్ గదిలో పెళ్లి ప్రస్తావన తెచ్చాడు.

పెళ్లి 1895 నవంబరు 6న ఫిఫ్త్ అవెన్యూలోని సెయింట్ థామస్ చర్చిలో జరిగింది. వీధులు జనంతో నిండిపోయాయి. పెళ్లికూతురి లోదుస్తుల వివరాలు సైతం పత్రికలలో అచ్చయ్యాయి. చర్చిలో పెద్ద వాద్యబృందం వాయిస్తుండగా పెళ్లికూతురు మాత్రం సుమారు 20 నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఉదయమంతా గదిలో ఒంటరిగా ఏడ్చి, వాచిన కళ్లను చన్నీళ్లతో కడుక్కుని బయలుదేరడం వల్లే ఆ ఆలస్యమని ఆమె తరువాత చెప్పింది. ఆ ఏడాదే ఆల్వా భర్త నుంచి విడాకులు తీసుకుని ఉన్నందున, వాండర్‌బిల్ట్ వైపు బంధువులను పెళ్లికి పిలవలేదు. సొంత నాయనమ్మను కూడా పిలవలేదు. తండ్రి మాత్రం వచ్చి కూతురిని అప్పగించి వెళ్లిపోయాడు.

పెళ్లి ఒప్పందంలో ఏముంది? దానిని కట్నం అనవచ్చా?

తెలుగువారికి ఈ ప్రశ్న రావడం సహజం. బీచ్ క్రీక్ రైల్వే కంపెనీకి చెందిన 50,000 వాటాలను, అంటే 25 లక్షల డాలర్ల విలువను, ధర్మకర్తల చేతిలో పెట్టారు. ఆ వాటాలపై ఏటా 4 శాతం చెల్లింపుకు న్యూయార్క్ సెంట్రల్ కంపెనీ హామీ ఇచ్చింది. దాని రాబడి డ్యూక్ బతికి ఉన్నంతకాలం డ్యూక్‌కు, ఆయన తరువాత ఆమె ఉంటే ఆమెకు చెందాలి. ఇది కాక భార్యాభర్తలిద్దరికీ చెరొక లక్ష డాలర్లు ఏటా అందే ఏర్పాటు చేశారు.

వరుడి కుటుంబం అడగడం, వధువు తండ్రి ఇవ్వడం, పత్రాల మీద సంతకాలు పూర్తయ్యాకే పెళ్లి జరగడం చూస్తే ఇది కట్నమేనని అనిపిస్తుంది. అలా అనడం తప్పు కాదు కూడా. అయితే ఒక తేడా గమనించాలి. అసలు మొత్తం డ్యూక్ చేతికి వెళ్లలేదు. రాబడి మాత్రమే వెళ్లింది, అసలు ధర్మకర్తల వద్ద భద్రంగా ఉంది. కూతురికి తండ్రి విడిగా ఏర్పరచిన ఆదాయం ఆమె చేతికే వచ్చింది. తరువాత ఆమె భర్త నుంచి విడిపోయి కూడా స్వతంత్రంగా, గౌరవంగా జీవించగలగడానికి కారణం ఆ విడి ఆదాయమే. అదే సమయంలో, కాపురం ముగిసినా డ్యూక్‌కు రైలు వాటాల రాబడి ఆగలేదు. ఒప్పందం అతడి జీవితకాలానికి రాసినది.

బ్లెన్‌హైమ్‌లో ఆమె జీవితం ఎలా ఉండేది?

ఐరోపా యాత్ర ముగించుకుని 1896లో దంపతులు బ్లెన్‌హైమ్ పక్కనున్న వుడ్‌స్టాక్ ఊరు చేరినప్పుడు, ఊరివారు బండి గుర్రాలను విప్పేసి తామే బండిని ప్రాసాదం వరకు లాగారు. మనుషులు తనను లాగుతుంటే ఆమెకు ఇబ్బందిగా అనిపించింది. ప్రజాస్వామ్య దేశంలో పుట్టిన పిల్ల మనసు ఆ పూటే అడ్డం తిరిగిందని ఆమె రాతలనుబట్టి అర్థమవుతుంది.

బ్లెన్‌హైమ్ 1705లో మొదలై, సర్ జాన్ వాన్‌బ్రూ రూపకల్పనలో, యుద్ధంలో గెలిచిన మొదటి డ్యూక్‌కు దేశం ఇచ్చిన కానుకగా కట్టిన కట్టడం. చూడడానికి మహాద్భుతం, ఉండడానికి చలి గుహ. ఆమె పడకగదిలో మంచం ఎదురుగా పొయ్యి పైగట్టు మీద, మామగారు రాయించిన "ధూళి, బూడిద, శూన్యం" అనే మాటలు నల్లటి అక్షరాలతో కనిపించేవి. ప్రతి ఉదయం కళ్లు తెరవగానే చదవవలసిన వాక్యం అది.

భోజనాల గురించి ఆమె చెప్పిన విషయం ఆ కాపురం స్వభావాన్ని మొత్తంగా చూపుతుంది. ఇద్దరే కూర్చున్న రోజుల్లో డ్యూక్ వడ్డించిన పదార్థాన్ని ముందుకు నెట్టి, కుర్చీ వెనక్కి జరిపి, వేలి ఉంగరాన్ని తిప్పుతూ పావుగంటసేపు మౌనంగా ఆలోచనలో మునిగిపోయేవాడు. ఆ తరువాత నెమ్మదిగా తినడం మొదలుపెట్టి, ఆహారం చల్లారిందని ఫిర్యాదు చేసేవాడు. విసుగు భరించలేక ఆమె భోజనాల బల్ల దగ్గరకు అల్లిక పని తెచ్చుకోవడం మొదలుపెట్టింది. గది బయట వడ్డన చూసే ప్రధాన సేవకుడు (బట్లర్) అపరాధ పరిశోధక కథలు చదువుకుంటూ కూర్చునేవాడట.

ఆ ఇంట్లో మిగిలిన ఆహారాన్ని డబ్బాలలో కుక్కి చుట్టుపక్కల పేదలకు పంపే అలవాటు పాతదే. అయితే మాంసం, కూరలు, తీపి వంటకాలు అన్నీ ఒకే డబ్బాలో కలగలిపి పడేసేవారు. ఆమె వచ్చాక దేనికదే విడిగా పెట్టించింది. పేదవారి నోటికీ రుచి ఉంటుందన్న ఆలోచన ఆ ఇంటికి తెచ్చింది పందొమ్మిదేళ్ల పరాయి దేశపు పిల్ల. డచెస్‌గా ఆమె చేసిన పనులలో నాకు అన్నిటికన్నా పెద్దదిగా కనిపించేది ఇదే. తరువాత ఆమె చేపట్టిన సేవ అంతటికీ బీజం ఇక్కడ ఉంది.

డ్యూక్ ఇదే సమయంలో ఆమె డబ్బుతో ప్రాసాదాన్ని బాగుచేయించాడు. పెద్ద గదుల గోడలకు ఫ్రెంచి పద్ధతిలో బంగారు పూత అలంకారాలు చేయించాడు, చెట్ల బారులు తిరిగి నాటించాడు, ముంగిటి ఆవరణకు ఫ్రెంచి ఉద్యాన రూపకర్త ఆషిల్ డ్యూషేన్ చేత రాతి పరుపు వేయించాడు. న్యాయంగా చెప్పాలంటే, బ్లెన్‌హైమ్ మీద ఆయనకున్న ప్రేమ నిజమైనది. ఆయన కూడా తన హృదయాన్ని పక్కనబెట్టి ఇంటికోసం ఈ పెళ్లికి ఒప్పుకున్నవాడే. పెళ్లైన కొత్తలోనే ఆ మాట భార్యకు చెప్పేశాడని ఆమె రాసింది.

విన్‌స్టన్ చర్చిల్‌కూ ఆమెకూ ఏమిటి చుట్టరికం?

చర్చిల్ ఆమె భర్తకు పినతండ్రి కొడుకు. ఆయన తల్లి జెన్నీ జెరోమ్ కూడా న్యూయార్కు ధనికుడి కూతురే. 1874లో లార్డ్ రాండాల్ఫ్ చర్చిల్‌ను పెళ్లాడింది. చర్చిల్ పుట్టింది బ్లెన్‌హైమ్‌లోనే.

కాన్సూయెలో వచ్చేనాటికి డ్యూక్‌కు సోదరులు లేరు, పిల్లలు లేరు. అంటే ఏదైనా జరిగితే బిరుదు చర్చిల్‌కు పోతుంది. అందుకే డ్యూక్ నాయనమ్మ కొత్త పెళ్లికూతురిని చూడగానే, నీ మొదటి కర్తవ్యం మగబిడ్డను కనడం, ఆ విన్‌స్టన్ డ్యూక్ కావడం నేను సహించలేనని ముఖం మీదే చెప్పింది. 1897 సెప్టెంబరులో పెద్దకొడుకు జాన్, 1898 అక్టోబరులో రెండవ కొడుకు ఐవర్ పుట్టారు. ఆ రకంగా ఆమె పెద్దకొడుకు పుట్టుక చర్చిల్‌కు డ్యూక్ పదవిని తప్పించింది. డ్యూక్ అయితే ప్రభువుల సభలో కూర్చోవాలి గనుక, కామన్స్ సభలో ఆయన రాజకీయ జీవితం అలా సాగేది కాదు. ఇంత జరిగినా కాన్సూయెలోకూ చర్చిల్‌కూ మధ్య స్నేహం జీవితాంతం నిలిచింది. ఆమె విడిపోయిన తరువాత కూడా ఆయన ఆమె ఇంటికి వస్తూపోతూ ఉండేవాడు. ఫ్రాన్సులోని ఆమె భవనంలో చిత్రాలు గీశాడు.

ఆమె భారతదేశానికి వచ్చిందా?

వచ్చింది. ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకాన్ని పురస్కరించుకుని 1903 జనవరి 1న వైస్రాయి కర్జన్ ఢిల్లీలో నిర్వహించిన దర్బారుకు మార్ల్‌బరో దంపతులు హాజరయ్యారు. అంతకు కొన్ని నెలల ముందు, 1902 ఆగస్టులో, లండన్‌లో జరిగిన పట్టాభిషేకంలో అలెగ్జాండ్రా రాణి మీద పందిరి పట్టిన నలుగురు డచెస్‌లలో కాన్సూయెలో ఒకరు.

ఆ దర్బారులో వైస్రాయి పక్కన కూర్చున్న మేరీ కర్జన్ కూడా షికాగో వ్యాపారి లీవై లైటర్ కూతురే. అంటే భారత సామ్రాజ్య వైభవాన్ని చాటడానికి ఏర్పాటైన ఆ వేడుకలో అగ్రస్థానంలో ఉన్నది ఒక అమెరికన్ వారసురాలు. ఢిల్లీ పనివారు బంగారు, వెండి జరీతో నెమలి ఈకల ఆకృతులు కుట్టిన గౌను ధరించి ఆమె ఎర్రకోటలోని నృత్యోత్సవానికి వచ్చింది. ఆ గౌను నేటికీ ఇంగ్లండులోని కెడిల్‌స్టన్ హాల్‌లో ఉంది. హైదరాబాదు నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కూడా ఆ దర్బారుకు వెళ్లారు. 1902లోనే కర్జన్ ఆయన చేత బేరారు ప్రాంతాన్ని బ్రిటిషువారికి శాశ్వత కౌలుకు ఇచ్చే ఒప్పందం చేయించుకున్నాడు. తెలుగువారి చరిత్రకు ఈ కథ తగిలే చోటు ఇది.

భార్యాభర్తలు ఎందుకు విడిపోయారు?

ప్రేమ లేకుండా మొదలైన కాపురంలో ఇద్దరి మనసులూ వేరే చోట్లకు పోయాయి. డ్యూక్, గ్లాడిస్ డీకన్ అనే మరొక అమెరికన్ యువతి మీద మనసు పడ్డాడు. 1906లో దంపతులు అధికారికంగా విడిపోయి, పిల్లల బాధ్యతను పంచుకున్నారు. అప్పటి ఉన్నత సమాజంలో అదొక సంచలనం. విడిపోయిన దంపతులు రాజదర్బారులో అడుగుపెట్టకూడదని ఏడవ ఎడ్వర్డ్ రాజు తెలియజేశాడు.

విడాకులు మాత్రం 1921 వరకు రాలేదు. దానికి కారణం నాటి ఇంగ్లండు చట్టం. భార్య వ్యభిచారం చేసిందని రుజువైతే చాలు, భర్తకు విడాకులు దొరికేవి. భార్య అడిగితే మాత్రం భర్త వ్యభిచారంతోపాటు ఆమెను విడిచిపెట్టడమో, క్రూరంగా చూడడమో కూడా రుజువు కావాలి. ఈ అసమానత 1923లో గానీ తొలగలేదు. విడాకులు రాగానే ఆ ఏడాదే డ్యూక్ గ్లాడిస్‌ను పెళ్లాడాడు. ఆ కాపురమూ చెడింది.

విడిపోయాక ఆమె ఏం చేసింది?

తండ్రి కట్టించి ఇచ్చిన లండన్‌లోని సండర్లాండ్ హౌస్ ఆమెకు నివాసమైంది. నృత్యోత్సవాలకు కట్టిన ఆ భవనాన్ని ఆమె సభలకు, సమావేశాలకు తెరిచింది. మొదటిసారి నేరం చేసి జైలుకు వెళ్లినవారి భార్యలు వీధిన పడకుండా కుట్టుపని, బట్టలుతికే పని కల్పించే ఆశ్రయాన్ని నడిపింది. చాలీచాలని కూలికి ఇళ్లలో కూర్చుని పనిచేసే స్త్రీలను 1913లో అదే భవనానికి పిలిపించి, వారి కష్టాన్ని వారి నోటితోనే లండన్ పెద్దలకు వినిపించింది. ఆహూతులు ప్రభువులు, బిషప్‌లు, వ్యాపారులు. వేదిక మీద మాట్లాడినవారు అగ్గిపెట్టెలను జిగురుతో అతికించే, చొక్కాలు కుట్టే ఆడవాళ్లు.

స్త్రీల ఓటుహక్కును ఆమె సమర్థించింది గానీ ఉద్యమకారిణులలో కొందరు పట్టిన, కిటికీలు పగలగొట్టే మార్గాన్ని ఒప్పుకోలేదు. స్థానిక పాలనలోకి మహిళలు రావాలన్నది ఆమె ప్రత్యేక ఆసక్తి. మొదటి ప్రపంచయుద్ధంలో, లండన్‌లోని అమెరికన్ మహిళలు గాయపడిన సైనికుల కోసం ఏర్పాటు చేసిన సహాయనిధికి నాయకత్వం వహించింది. 1917లో లండన్ కౌంటీ కౌన్సిల్‌లో సౌత్‌వార్క్ అనే పేదల ప్రాంతానికి ప్రతినిధి అయింది. ఒక డచెస్ మురికివాడల పాఠశాలల గురించి, పిల్లల ఆరోగ్యం గురించి పట్టుబట్టి మాట్లాడడం ఆనాటివారికి కొత్త. ఆమెకు చిన్న వయసులోనే వినికిడి మందగించింది. సభల్లో మాట్లాడడం, ఇతరులు చెప్పేది వినడం ఆమెకు అందరికన్నా ఎక్కువ శ్రమ అన్న సంగతి గుర్తుపెట్టుకుంటే ఈ పని విలువ ఇంకా బాగా తెలుస్తుంది.

1926లో పెళ్లినే రద్దు చేయడం ఏమిటి?

1921 జులై 4న ఆమె ఫ్రెంచి వైమానికుడు జాక్ బాల్సాన్‌ను పెళ్లాడింది. ఆయన కుటుంబం కాథలిక్కు. విడాకులు పొందిన స్త్రీతో పెళ్లిని వారి మతం గుర్తించదు. డ్యూక్ కూడా కాథలిక్కు మతంలోకి మారే ఆలోచనలో ఉన్నాడు. అందువల్ల మొదటి పెళ్లి అసలు చెల్లుబాటే కాదని మతన్యాయస్థానం తేల్చవలసి వచ్చింది. బలవంతంతో ఇచ్చిన సమ్మతి సమ్మతి కాదన్నదే దానికి ఆధారం.

ఆ బలవంతానికి సాక్ష్యం చెప్పింది మరెవరో కాదు, ఆల్వా. కూతురిని తానే ఒత్తిడి చేసి డ్యూక్‌కు ఇచ్చానని, అప్పుడు అది తన హక్కని భావించానని ఒప్పుకుంది. 1926లో పెళ్లి రద్దయింది. బయటి ప్రపంచానికి ఇది తెలిసినప్పుడు అమెరికాలో, ఇంగ్లండులో పెద్ద దుమారం రేగింది. ఇద్దరు ఎదిగిన కొడుకులున్న పెళ్లి లేనట్టే అనడం చాలామందికి మింగుడుపడలేదు. కొడుకుల వారసత్వానికి మాత్రం దీనివల్ల ఏ భంగమూ కలగలేదు.

తల్లీకూతుళ్లు తరువాత కలిశారా?

కలిశారు. ఆల్వా మారిన మనిషి. రెండవ భర్త ఆలివర్ బెల్‌మాంట్ చనిపోయాక ఆమె తన డబ్బునూ మొండితనాన్నీ స్త్రీల ఓటుహక్కు ఉద్యమానికి మళ్లించింది. కూతురిని బంధించిన అదే మార్బుల్ హౌస్‌లో 1914 జులైలో మహిళా ప్రముఖుల సభ పెట్టి, కాన్సూయెలోను వక్తగా పిలిచింది. 1921లో నేషనల్ ఉమన్స్ పార్టీకి అధ్యక్షురాలైంది. చివరి ఏళ్లు కూతురికి దగ్గరగా ఫ్రాన్సులో గడిపి 1933లో పారిస్‌లో మరణించింది. ఇతర స్త్రీల స్వేచ్ఛకోసం అంతగా పోరాడిన మనిషి సొంత కూతురి స్వేచ్ఛను ఎలా లాగేసుకోగలిగిందన్న ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇది: ఆల్వా దృష్టిలో అప్పటికి స్త్రీకి అందుబాటులో ఉన్న అధికారం పెద్ద పెళ్లి ఒక్కటే, కూతురికి ఇస్తున్నది ఆ అధికారమేనని ఆమె నమ్మింది. ఇది సమర్థన కాదు. ఆ నమ్మకం ఖరీదు ఎంతో కూతురికి తెలుసు. అయినా కూతురు తల్లి గురించి రాసినచోట కోపంతో సమానంగా గౌరవమూ కనిపిస్తుంది.

రెండవ పెళ్లి ఎలా సాగింది?

చాలా బాగా. బాల్సాన్ షాతోరూ పట్టణంలో తరతరాలుగా ఉన్ని బట్టల మిల్లు నడిపిన కుటుంబంవాడు, బెలూన్లలోనూ తొలినాటి విమానాలలోనూ ఎగిరినవాడు. ఆమెను పదిహేడేళ్ల వయసులో పారిస్‌లో చూసినప్పటి నుంచే అభిమానించాడని ఆమె రాసింది. మధ్యధరా తీరంలో ఎజ్ ఊరి దగ్గర ఒక ఇల్లు, నార్మండీలో సెయింట్ జార్జ్ మోటెల్ అనే పాత కోట వారి నివాసాలయ్యాయి. ఆ కోట సమీపంలో బలహీనంగా ఉన్న పిల్లలకు ఆరోగ్య కేంద్రం నెలకొల్పింది. పారిస్ శివారు సురేన్‌లోని ఫోష్ ఆసుపత్రి నిర్మాణానికి నిధులు సేకరించింది. 1931లో ఫ్రాన్సు ప్రభుత్వం ఆమెకు లెజియన్ ఆఫ్ ఆనర్ పురస్కారం ఇచ్చింది. 1940లో జర్మను సేనలు రావడంతో దంపతులు స్పెయిన్, పోర్చుగల్ మీదుగా అమెరికా చేరారు. నలభై ఐదేళ్ల తరువాత ఆమె తిరిగి పుట్టిన దేశంలో స్థిరపడింది. ఫ్లోరిడాలోని ఇంటికి పెట్టుకున్న పేరు కాసా ఆల్వా. బాల్సాన్ 1956లో మరణించాడు. చిన్నకొడుకు ఐవర్ పోయింది కూడా అదే ఏడాది.

ఆమె ఆత్మకథను ఎంతవరకు నమ్మవచ్చు?

అది 1950ల తొలినాళ్లలో, సంఘటనలు జరిగిన యాభై ఏళ్లకు పైగా గడిచాక వెలువడింది. అప్పటికి తల్లీ, డ్యూక్ ఇద్దరూ లేరు. బలవంతపు పెళ్లి విషయంలో తల్లి సాక్ష్యం ఉంది గనుక దానిని శంకించనక్కరలేదు. డ్యూక్ ఎలాంటివాడన్నది మాత్రం ఒకవైపు మాట. ఆయన వైపు కథ అంత వివరంగా ఎక్కడా నమోదు కాలేదు. చదివేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అయితే భోజనాల బల్ల దగ్గరి మౌనం, డబ్బాలలో కలగలిసిన ఆహారం వంటి వివరాలు కల్పించి రాసేవి కావు.

ఇలా ఐరోపా ప్రభువులను పెళ్లాడిన ఇతర అమెరికన్లు ఉన్నారా?

చాలామంది ఉన్నారు. పైన చెప్పినవారు కాక, రైళ్ల వ్యాపారి జే గూల్డ్ కూతురు ఆనా, కాన్సూయెలో పెళ్లి జరిగిన 1895లోనే ఫ్రాన్సు ప్రభువు బోనీ ద కాస్తెల్లాన్‌ను పెళ్లాడింది. అతడు ఆమె డబ్బును విపరీతంగా ఖర్చుపెట్టాక 1906లో విడాకులు తీసుకుంది. కాన్సూయెలోకు పెదనాన్న కూతురైన గ్లాడిస్ వాండర్‌బిల్ట్ 1908లో హంగేరీకి చెందిన కౌంట్ లాస్లో సేచెన్యీని చేసుకుంది. అందరి కథా విషాదం కాదు. కర్జన్ దంపతుల మధ్య అన్యోన్యత ఉండేది. 1906లో, 36 ఏళ్లకే మేరీ చనిపోవడంతో ఆయన కుంగిపోయాడు.

ఆమె వారసులు ఎవరు, ఆమెకు సంబంధించినవి ఇప్పుడు ఎక్కడ చూడవచ్చు?

పెద్దకొడుకు జాన్ 1934లో పదవ డ్యూక్ అయ్యాడు. ఆయన కొడుకు, పదకొండవ డ్యూక్, తన పేర్లలో ఒకటిగా వాండర్‌బిల్ట్ అన్నదాన్ని మోశాడు. 2014 నుంచి డ్యూక్‌గా ఉన్నవారు కాన్సూయెలోకు మునిమనవడు.

బ్లెన్‌హైమ్ ప్రాసాదం 1987 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలం. సందర్శకులకు అనుమతి ఉంది. జాన్ సింగర్ సార్జెంట్ 1905లో గీసిన నిలువెత్తు కుటుంబ చిత్రం అక్కడే ఉంది. అందులో కాన్సూయెలో భర్తకన్నా ఎత్తుగా, పొడవైన మెడతో, మధ్యలో నిలబడి ఉంటుంది. నిజంగానే ఆమె ఆయనకన్నా పొడగరి. 1906లో జొవాన్నీ బొల్దీని గీసిన తల్లీకొడుకుల చిత్రం న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. రెండూ చూడగలిగితే మొదట సార్జెంట్‌ది, తరువాత బొల్దీనిది చూడమని నా సూచన. ఏడాది తేడాలో గీసినవే అయినా, మొదటిదానిలో వంశం కనిపిస్తుంది, రెండవదానిలో ఐవర్‌తో కలిసి కదులుతున్న మనిషి కనిపిస్తుంది. న్యూపోర్ట్‌లోని మార్బుల్ హౌస్‌ను కూడా ప్రజలు సందర్శించవచ్చు. డ్యూక్ పెళ్లి ప్రస్తావన తెచ్చిన గోథిక్ గది అందులో ఉంది.

ఆమె 1964 డిసెంబరు 6న న్యూయార్కు రాష్ట్రంలోని సౌతాంప్టన్‌లో కన్నుమూసింది. తన కోరిక ప్రకారం బ్లెన్‌హైమ్ దగ్గరి బ్లేడన్ గ్రామ చర్చి ఆవరణలో, ఐవర్ సమాధి పక్కన ఖననం చేశారు. మరుసటి నెలలో విన్‌స్టన్ చర్చిల్‌ను ఖననం చేసినది కూడా ఆ ఆవరణలోనే.